అన్నము మానిన పథ్యము – నేతి లెక్క

పథ్యమనగానే తెలుగువానికి స్ఫురించునది చప్పిడి తిండి. మెత్తని అన్నము, మిరియాల చారు, బీరకాయ కూర. నూనె పోపునకు చాలినంత. నేయి వైద్యుడు సెలవిచ్చిన పిమ్మట. రోగి కోలుకొనినాడనుటకు గుర్తు అతని విస్తరిలో నేతిచుక్క తిరిగి కనబడుటయే. తరతరములుగా వచ్చిన ఈ క్రమమును తలక్రిందులు చేసి, అన్నము పూర్తిగా మానవలెనని, నేయి నూనెలను మాత్రము తగ్గింపరాదని చెప్పు పథ్యమొకటి ఇరువదియొకటవ శతాబ్దమున తెలుగు ఇండ్లలో ప్రవేశించినది. దానికి వైద్యులు పెట్టిన పేరు కీటోజెనిక్ పథ్యము. జనులు క్లుప్తముగా కీటో అనిరి.

భిలాయిలో, పవర్ హౌస్ బజారు చుట్టుపట్ల కాపురముండు తెలుగువారికి ఈ పథ్యము సామాన్యమైన పరీక్ష కాదు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ దేశముతో జరిగిన ఒడంబడికపై నిర్మాణమైన ఇక్కడి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. ఆ కాలము మొదలు పని వెదకుకొనుచు వచ్చిన తెలుగు కుటుంబములు వరి పండు నేలను విడిచి మరల వరి పండు నేలకే చేరినవి. ఛత్తీస్‌గఢ్‌ను ఆ ప్రాంతపువారు ధాన్యపు గిన్నె అందురు. మన చద్దన్నము వంటిదే వారి బోరే బాసీ. 2022 మే 1వ తేదీన, శ్రామిక దినమున, అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ గారు ప్రజలందరును బోరే బాసీ తినవలెనని పిలుపునిచ్చిరి. అట్టి ఊరిలో ఒక ఇంటి యజమాని కంచము ముందు కూర్చుండి అన్నము వద్దనుట ఇంటిల్లిపాదికిని ఆందోళన కలిగించు విషయమే.

అయినను ఈ పథ్యపు చరిత్రను పరిశీలించినచో తెలియునదేమనగా, అన్నము మానుట ఇందు సులభమైన భాగము. ఎక్కువమంది తప్పినది రెండవ భాగమున. అన్నము పోయిన చోట క్రొవ్వు చాలినంత చేరకపోవుటయే రెండువందల యేండ్లుగా ఈ పథ్యమునకు పట్టిన పీడ. ఫర్నేసులో పనిచేసినవారికి ఈ మాట చెప్పి ఒప్పింప నక్కరలేదు. ఖనిజము ఎంత మేలైనదైనను, కోక్ చాలనిచో కొలిమి చల్లబడును.

మన ప్రాచీన వైద్యులు ఈ రెండింటిని వేర్వేరు సందర్భములలో ఎరుగుదురు. కూర్చుండుటయందలి సుఖము, నిద్రాసుఖము, పెరుగు, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ప్రమేహమునకు కారణములని చరకసంహిత చెప్పుచున్నది. స్థూలకాయుడైన రోగికిని కృశించిన రోగికిని చికిత్స ఒక్కటి కాదనియు, ప్రమేహికి యవలు ముఖ్యాహారమనియు అందు కలదు. ఇక క్రొవ్వు సంగతి స్నేహపానమను ప్రకరణమున వచ్చును. ఘృతము, తైలము, వస, మజ్జ అను నాలుగు స్నేహములలో తగినదానిని దినదినము మోతాదు పెంచుచు త్రాగించుట, వెంట వేడినీరు ఇచ్చుట, ఏడుదినములకు మించకుండుట అందలి నియమములు. క్రొవ్వును గిన్నెతో త్రాగుట భారతీయులకు క్రొత్త కాదు; కాని అది శోధన చికిత్సకు ముందు నడచు వారము దినముల కార్యము మాత్రమే. జీవితకాలపు భోజనముగా దానిని ఎవరును విధింపలేదు.

ఐరోపాలో పిండిపదార్థములను మాన్పించి మధుమేహమునకు చికిత్స చేసినవారిలో మొదట చెప్పదగినవాడు జాన్ రోలో. ఇతడు బ్రిటిష్ ఫిరంగిదళమున శస్త్రవైద్యుడు. 1797లో ప్రకటించిన గ్రంథమున ఇతడు విధించిన భోజనము పాలు, సున్నపునీరు, నిలువయున్న మాంసము, కనరెక్కిన పందిక్రొవ్వు. మూత్రములోని తీపి తగ్గినమాట నిజమే. అయితే కనరెక్కిన క్రొవ్వును ఎన్నినాళ్లు తినగలరు? రోగులు చాటుగా రొట్టె తినుట నాడే ప్రారంభమైనదనవచ్చును.

స్థూలకాయమునకు ఇట్టి పథ్యమును లోకమున ప్రచారము చేసినవాడు వైద్యుడు కాడు. లండన్ నగరమున అంత్యక్రియల ఏర్పాట్లు చూచు విలియం బాంటింగ్ అను వర్తకుడు. 1862లో ఇతని బరువు 202 పౌనులు, అనగా దాదాపు 92 కిలోగ్రాములు. ఎత్తు అయిదడుగుల అయిదంగుళములు. బూటు ముడి వేసికొనుటకైనను వంగలేకపోయెను. విలియం హార్వే అను వైద్యుడు రొట్టె, చక్కెర, బీరు, ఉర్లగడ్డలు మాన్పింపగా ఏడాదిలో 46 పౌనులు తగ్గి, ఆ వృత్తాంతమును 1863లో చిన్న పుస్తకముగా అచ్చువేసి పంచిపెట్టెను. అతని పేరే ఆంగ్లమున పథ్యము చేయుటకు క్రియాపదమైనది. ఇందొక వింత కలదు. వెన్నను, పాలను గూడ అతనికి మాన్పించిరి. వెన్నలో పిండి ఉండునని ఆ వైద్యుని అభిప్రాయము! ఆ పొరపాటును సరిచేసినది జర్మనీలో గోటింగెన్ నగరమునందలి విల్హెల్మ్ ఎబ్‌స్టైన్. 1882లో ఇతడు క్రొవ్వు తినుటవలన ఆకలి అణగును గనుక స్థూలకాయునకు అది శత్రువు కాదని వాదించెను. ఈ మాట పండితుల గ్రంథములలో నిలిచినది గాని ప్రజలలోనికి పోలేదు. బాంటింగ్ పుస్తకము మాత్రము అందరు చదివిరి.

ఇంతలో రసాయన శాస్త్రజ్ఞులు మధుమేహము ముదిరి స్పృహ తప్పిన రోగుల మూత్రమున క్రొత్త పదార్థములను కనుగొనుచుండిరి. 1857లో అసిటోను, 1865లో అసిటోఅసిటిక్ ఆమ్లము, 1884లో బీటా హైడ్రాక్సీ బ్యుటిరిక్ ఆమ్లము బయటపడినవి. ఈ మూడింటికి కీటోన్లని సామాన్యనామము. చావు దగ్గరపడిన రోగులలో కనబడుటచే ఇవి విషములని నాటి వైద్యులు తలచిరి. కాలేయము క్రొవ్వును కరిగించి తయారుచేయు ఇంధనములే ఇవి యని గ్రహించుటకు చాలకాలము పట్టినది. పవర్ హౌస్ అను పేరు ఈ దేహమున దేనికైన తగునన్నచో, ఉపవాసకాలమున అది కాలేయమునకే తగును.

1921వ సంవత్సరము ఈ చరిత్రలో ముఖ్యమైనది. అంతకుముందు మధుమేహమునకు మిగిలిన దారి రాక్‌ఫెల్లర్ సంస్థలోని ఫ్రెడరిక్ ఆలెన్ నిర్ణయించిన ఉపవాస చికిత్స. పిల్లలు ఎముకలగూళ్లయి, మధుమేహమున చావవలసినవారు ఆకలితో కొంచెము ఆలస్యముగా చనిపోవుచుండిరి. 1921లో టొరాంటో నగరమున ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ ఇన్సులిను వెలికితీసిరి. 1922 జనవరి 11వ తేదీన లెనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల బాలునకు మొదటి సూది పడినది. పథ్యమునకు పేరిచ్చిన బాంటింగ్ ఒకడు, పథ్యపు కఠోరత్వమునుండి రోగులను విడిపించిన బాంటింగ్ వేరొకడు. మధుమేహ రోగులకు ఉపవాసము ముగిసిన ఆ యేడే మూర్ఛరోగులకు వేరొక పథ్యము ప్రారంభమైనది.

మూర్ఛరోగి పస్తున్నప్పుడు మూర్ఛలు తగ్గుట పూర్వులెరిగినదే. 1911లో పారిస్ నగరమున గ్వెల్పా, మారీ అను వైద్యులు దీనిని ప్రకటించిరి. కాని పసివానిని ఎన్నిదినములు పస్తుంచగలము? అమెరికాలో మేయో వైద్యాలయమునందలి రస్సెల్ వైల్డర్ 1921లో ఒక ఉపాయము సూచించెను. పస్తున్నవాని దేహము తన క్రొవ్వునే కరగించుకొని కీటోన్లు పుట్టించును గదా. అట్లయిన బయటినుండి క్రొవ్వునే పెట్టి, పిండిని తీసివేసిన ఎడల, తినుచుండియు పస్తున్నట్లే యుండును. దీనికి ఆయనయే కీటోజెనిక్ పథ్యమని పేరు పెట్టెను. 1925లో అదే వైద్యాలయమునందలి మైనీ పీటర్‌మన్ కొలతలు నిర్ణయించెను. బిడ్డ బరువు కిలోగ్రామునకు ఒక గ్రాము మాంసకృత్తులు; దినమునకు పది పదునైదు గ్రాముల పిండిపదార్థము; కావలసిన శక్తిలో మిగిలినదంతయు క్రొవ్వు.

ఆ కడపటి మాటలోనే ఈ పథ్యపు గుట్టు ఉన్నది. క్రొవ్వు ఎంతయని అంకె చెప్పలేదు, మిగిలినదంతయు అనిరి. నాలుగు గ్రాముల క్రొవ్వునకు, మాంసకృత్తులు పిండిపదార్థములు కలిపి ఒక గ్రాము అను నిష్పత్తి తరువాత స్థిరపడినది. గ్రాము క్రొవ్వునందు 9 కేలరీలు, మిగిలిన రెండింటియందు 4 కేలరీలు గనుక, ఈ లెక్కన నూటికి తొంబదివంతుల శక్తి క్రొవ్వునుండియే రావలెను. వంటింటి త్రాసు లేనిదే ఇది సాగదు. మీగడ తూచి, వెన్న తూచి, కూరముక్క తూచి, బిడ్డ గిన్నెకు అంటుకొనిన నూనెను గూడ గరిటెతో గీకి తినిపించిన తల్లులు ఈ చికిత్సను నిలువబెట్టిరి. వైద్యుల పేర్లు గ్రంథములకెక్కినవి. ఆ తల్లుల పేర్లు ఎక్కడను లేవు.

క్రొవ్వు చాలనిచో ఏమగునో తెలుపు కథ ఉత్తర ధ్రువమునుండి వచ్చినది. విల్హ్యాల్మర్ స్టెఫాన్సన్ అను అన్వేషకుడు ఎస్కిమోల నడుమ యేండ్లతరబడి జీవించి, మాంసము, చేపలు తప్ప వేరెరుగక ఆరోగ్యముగా నుంటినని చెప్పగా పండితులు నమ్మలేదు. 1928లో ఆయనయు, ఆయన సహచరుడు కార్‌స్టెన్ ఆండర్సనును న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో వైద్యుల కన్నుల ఎదుట ఈ ప్రయోగమునకు సిద్ధపడిరి. ఏడాదిపాటు ఇద్దరును మాంసము మాత్రమే భుజించిరి. పరిశోధకులు ఆండర్సనునకు క్రొవ్వు కలిసిన మాంసము పెట్టి, స్టెఫాన్సనునకు మొదట క్రొవ్వు తీసివేసిన మాంసము మాత్రమే పెట్టి చూచిరి. రెండు మూడు దినములలోనే ఆయనకు వికారము, విరేచనములు, నీరసము పట్టుకొనినవి. క్రొవ్వు చేర్చగానే రెండు దినములలో కోలుకొనెను. ఆ ప్రయోగ ఫలితములు 1930లో వెలువడినవి. ఇద్దరును పేరునకు మాంసాహారులేగాని, వారి శక్తిలో నూటికి డెబ్బదియైదు మొదలు ఎనుబదియైదు వంతుల వరకు క్రొవ్వునుండియే వచ్చినదని అందు తేలినది.

ఉత్తరదేశపు వేటగాండ్రకు ఇది తెలిసిన సంగతియే. శీతకాలాంతమున దొరకు కుందేళ్ల ఒంటిని క్రొవ్వుండదు. కడుపు పట్టినన్ని కుందేళ్లు తినియు మనుష్యుడు ఆకలితో అలమటించును. మాంసకృత్తులను శక్తిగా మార్చుటకు కాలేయమునకొక హద్దు ఉన్నది. ఆ హద్దు దాటిన మాంసము తిండి కాదు, భారము. అందుకే ఆ దేశపు ఆదిమజాతులవారు ఎండబెట్టిన మాంసపు పొడిలో దాదాపు సమానమైన తూకపు కరగించిన క్రొవ్వు కలిపి ముద్దలుచేసి దాచుకొనిరి. పెమ్మికాన్ అను ఈ ముద్దలే ధ్రువయాత్రికులకు ప్రాణాధారములైనవి.

కాలేయమున పుట్టిన కీటోన్లు మెదడునకు పనికివచ్చునా అను ప్రశ్న 1967 వరకు తేలలేదు. మెదడు దినమునకు నూరు గ్రాములకు పైగా గ్లూకోజు కోరును. కాలేయపు నిల్వ ఒక్కదినమునకే చాలదు. అట్లయినచో నెలదినములు ఉపవసించువాడు స్పృహతో ఎట్లుండును? బోస్టన్ నగరమున జార్జి కేహిల్ బృందమువారు అయిదారు వారములు ఉపవసించిన ముగ్గురు స్థూలకాయుల మెదడునకు పోవు రక్తమును, తిరిగి వచ్చు రక్తమును పరీక్షించి, మెదడు తన అవసరములో ఎక్కువ భాగమును కీటోన్లతోనే తీర్చుకొనుచున్నదని నిరూపించిరి. విషములని పేరుపడినవి ఇంధనములైనవి. అన్నమైనను, నేయియైనను కణములో తుదకు ఒకే నాణెముగా మారవలెను. ఆ నాణెము పేరు ఎ.టి.పి. దానిని 1929లో హార్వర్డునందు సైరస్ ఫిస్కెతో కలిసి వెలికితీసినవాడు 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారని ఈ సందర్భమున జ్ఞాపకము చేసికొనుట అప్రస్తుతము కాదు.

మూర్ఛరోగపు పథ్యము మాత్రము మధ్యకాలమున మరుగుపడినది. 1938లో ఫెనిటోయిను అను మందు రాగా, మాత్ర మ్రింగుట సులభము గనుక త్రాసులు మూలపడినవి. 1971లో పీటర్ హట్టెన్‌లాకర్ కొబ్బరినూనె వంటివానినుండి వేరుచేసిన మధ్యమ శృంఖలపు క్రొవ్వును వాడి పథ్యమును కొంత సడలించెను. 1990 తరువాత మందులకు లొంగని మూర్ఛతో బాధపడిన చార్లీ అను పసివాడు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఈ పథ్యముచే కోలుకొనగా, అతని తండ్రి జిమ్ అబ్రహమ్స్ 1994లో ఒక సంస్థను స్థాపించి, 1997లో చలనచిత్రము గూడ తీసెను. 2008లో లండనునందు జరిగిన పరిశోధనలో, పథ్యముచేసిన పిల్లలలో నూటికి 38 మందికి మూర్ఛలు సగమునకు పైగా తగ్గినవి. పథ్యము లేనివారిలో 6 మందికి మాత్రమే. 2013లో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ వైద్యులు రెండు మొదలు పదునాలుగేండ్ల లోపు పిల్లలకు దినమునకు పది గ్రాములకు మించని పిండిపదార్థముతో, కొంత సడలించిన పథ్యమిచ్చి పరీక్షించిరి. మూడు నెలలలో పథ్యముచేసినవారిలో సగముమందికి మూర్ఛలు సగమునకు పైగా తగ్గినవి. రొట్టె, అన్నము ప్రాణముగా నున్న మనదేశపు ఇండ్లలో ఇది సాధ్యమని తేలుటయే గొప్ప విషయము.

ఇక తెలుగుదేశపు సంగతి. పోషణశాస్త్రమునకు మన ప్రాంతముతో గల సంబంధము బియ్యముతోనే ముడిపడియున్నది. మర పట్టిన బియ్యమువలన వచ్చు బెరిబెరి వ్యాధి ఒకప్పుడు ఉత్తర సర్కారులలో ప్రబలముగా నుండెను. ఆ వ్యాధి విచారణకై 1918లో కూనూరునందు రాబర్ట్ మెకారిసన్ ప్రారంభించిన చిన్న శాఖయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషణ సంస్థగా ప్రసిద్ధికెక్కినది. బియ్యపు జబ్బుకొఱకు పుట్టిన సంస్థ తరువాత బియ్యము తినువారి మధుమేహమును లెక్కింపవలసిన కాలమును చూచినది. 2023లో వెలువడిన అఖిలభారత సర్వే ప్రకారము దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడిరి. భారతీయుల ఆహారశక్తిలో నూటికి 62 వంతులు పిండిపదార్థములనుండియే వచ్చుచున్నదని 2025లో అదే సర్వే బృందము ప్రకటించినది.

తెలుగువారికి ఆహార విషయమున గురువులకు కొరత లేదు. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె, చక్కెరలు మాన్పించిరి. వేలమంది వారి మాట విని పోపు లేని కూరలు తినిరి. ఆ తరువాత 2017, 2018 సంవత్సరములలో వీరమాచనేని రామకృష్ణగారి పేరు మారుమ్రోగినది. ఆయన వైద్యుడు కాడు. ఊరూర సభలు జరిపి, మధుమేహమునకు, స్థూలకాయమునకు తాను చెప్పు పథ్యము మందన్నారు. అన్నము, గోధుమ, పప్పు, పండ్లు, చక్కెర మానవలెను. దినమునకు డెబ్బది మొదలు నూరు గ్రాముల క్రొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు, విటమిను మాత్రలు – ఈ నాలుగును స్తంభములని పేర్కొనిరి. నూనె చుక్క కంచమున పడిన పాపమనుకొనిన ఇంటనే మరునాడు గిన్నెలతో కొబ్బరినూనె త్రాగిరి. అదే కాలమున ఖాదర్ వలీగారు బియ్యమునకు మారుగా కొర్రలు, అరికెలు, సామలు తినుడని చెప్పిరి. వారికి 2023లో పద్మశ్రీ లభించినది. ఒక్క ఇంటిలో తండ్రి కొర్రన్నము, కొడుకు నేతి కాఫీ, తల్లి మాత్రము మునుపటి పప్పన్నము తినుచుండిన రోజులవి.

ఈ ప్రచారమునందలి గుణదోషములను వైద్యులు టెలివిజనులో తీవ్రముగా చర్చించిరి. చరిత్ర దృష్టిలో గమనింపదగినది ఆ డెబ్బది గ్రాముల అంకె. బాంటింగ్ వెన్న మానెను. రోలో రోగులు క్రొవ్వును సహింపలేకపోయిరి. ఇక్కడ ఒక సామాన్య వ్యక్తి వేలమంది ఎదుట క్రొవ్వునకు కనీసపు కొలత చెప్పి, అది తగ్గరాదని నొక్కిచెప్పెను. పీటర్‌మన్ ఆసుపత్రిలో చేసిన పనిని సభావేదికపై చేయుట అది. లోపమెక్కడనగా, ఆసుపత్రిలో త్రాసు వెంట వైద్యుడును, రక్తపరీక్షయు ఉండును. సభలో ఉన్నది చేతి గడియారము, చప్పట్లు.

అంకెలు వేసి చూతము. దినమునకు నాలుగువందల గ్రాముల బియ్యము తినువానికి దానినుండి వచ్చునది దాదాపు 1,400 కేలరీలు. అంతటిని క్రొవ్వుతో పూరింపవలెనన్నచో 155 గ్రాములు కావలెను. నూరు గ్రాముల క్రొవ్వు తినిన 900 కేలరీలు వచ్చును. తక్కిన 500 కేలరీలు దేహమునందలి నిల్వనుండి కరగవలెను. స్థూలకాయునకు నిల్వ ఉన్నది గనుక అది చెల్లును. బక్కపలుచని మధుమేహ రోగి ఇదే కొలత పట్టిన ఎడల దినదినము అప్పులో పడును. స్థూలునికి కృశునికి చికిత్స వేరన్న చరకుని మాట ఇచట అక్షరాల అన్వయించును.

పెద్ద చెంచా నేయి పదమూడు, పదునాలుగు గ్రాములు తూగును. కావున డెబ్బది గ్రాములనగా అయిదు పెద్ద చెంచాలు. వినుటకు సులభము. కాని నేయి అన్నమునకు తోడు గాని స్వయముగా భోజనము కాదు. అన్నము తీసివేయగా నేయి వేసికొనుటకు ఆధారమే పోయినది. తెలుగు వంట అంతయు అన్నమును కలుపుకొనుటకొఱకు పుట్టినది. పచ్చడి, పులుసు, పొడి దేనికదే అన్నము లేనిచో తినశక్యము కాదు. ఈ చిక్కు పంజాబీవానికి గాని, ఎస్కిమోకు గాని లేదు. కొబ్బరినూనె సంగతి చెప్పనక్కరలేదు. కోనసీమలో కొబ్బరి పండినను వంటకు నువ్వులనూనె, వేరుశనగనూనె వాడినవారమే. కొబ్బరినూనె మనకు తలకు రాచుకొను వస్తువు. దాని వాసనతో గ్రుక్క మ్రింగవలసి వచ్చినవారి ముఖములు చూచిన పిల్లలు నవ్విరన్న ఆశ్చర్యము లేదు. పైగా హట్టెన్‌లాకర్ వాడిన మధ్యమ శృంఖలపు నూనెయు, బజారు కొబ్బరినూనెయు ఒక్కటి కావు. కొబ్బరినూనెలో సగమునకు దగ్గరగా లారిక్ ఆమ్లమే. పేరు చూచి గుణము ఎంచరాదు, నేతిబీరకాయలో నేయెంత?

ఇంతకన్న చాటుగా జరుగు తప్పు వేరొకటి కలదు. పవర్ హౌస్ బజారులోనైనను, విజయవాడలోనైనను కోడిమాంసమును తోలు తీసి అమ్ముట వాడుక. కోడిక్రొవ్వులో చాల భాగము ఆ తోలుతోనే పోవును. అన్నము మానిన ఉద్యోగి, గుండెకు మంచిదికాదను భయముతో నూనె తగ్గించి, తోలు లేని కోడిరొమ్ము మాంసమును, తెల్లసొనను మాత్రము తినుచు కీటో చేయుచున్నానని తలచును. అతడు చేయుచున్నది కుందేటి పథ్యము. వారమునకు నీరసించి, పథ్యము మంచిది కాదని నిందించి అన్నము కుండ దగ్గరకు పోవును. శాకాహారికి చిక్కు వేరువిధము. కందిపప్పు మాంసకృత్తులకు ప్రసిద్ధమేగాని అందు సగమునకు పైగా పిండియే. పాలలో చక్కెర ఉన్నది. నేయిలోను వెన్నలోను దాదాపు లేదు. కావున అతనికి మిగులునవి పనీరు, మీగడ, కొబ్బరి, ఆకుకూరలు, పల్లీలు కొద్దిగా.

మొదటి వారమున వచ్చు తలనొప్పి, కాళ్లు పీకుట క్రొవ్వు లోపమువలన మాత్రమే కాదు. పిండి తగ్గగానే ఇన్సులిను తగ్గును. మూత్రపిండములు ఉప్పును, నీటిని విడిచివేయును. నీరు మాత్రము త్రాగి ఉప్పు మానినవాడు మరింత నీరసించును. రక్తపోటు మందులు వాడువారికి ఇది తేలికైన విషయము కాదు.

అసలు ప్రమాదము మందుల పెట్టెలో ఉన్నది. ఇన్సులిను గాని గ్లైమిపిరైడు వంటి మాత్రలు గాని వాడు రోగి, మోతాదు తగ్గింపక అన్నము మానినచో, రక్తమున చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చును. మూత్రము ద్వారా చక్కెరను వెళ్లగొట్టు గ్లిఫ్లోజిన్ జాతి మాత్రలు వాడువారికి వేరొక గండము. చక్కెర అంకె మామూలుగానే కనబడుచుండగా రక్తము కీటోన్లతో ఆమ్లమగును. 2015లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనినిగూర్చి హెచ్చరించినది. ఇన్సులిను బొత్తిగా పుట్టని మొదటిరకపు మధుమేహ రోగి సూది మానుట ప్రాణాంతకము. లెనార్డ్ థాంప్సనునకు ముందున్న కాలమునకు తిరిగిపోవుటయే అది. గర్భిణులకు, మూత్రపిండముల వ్యాధి కలవారికి ఈ పథ్యము తగదని వైద్యులు చెప్పుదురు. మరియొక వైపు, పిండిపదార్థములు తగ్గించుట మధుమేహమునకు అంగీకరింపదగిన మార్గములలో ఒకటని 2019లో అమెరికా మధుమేహ సంఘము ఒప్పుకొనినది. కావున నాటి చర్చలో రెండు పక్షములవారును పూర్తిగా గెలువలేదు.

జాతీయ పోషణ సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో ధాన్యములు, చిరుధాన్యములు కలిపి దినపు శక్తిలో నూటికి 45 వంతులు మించరాదని, క్రొవ్వు 30 వంతులకు లోపున నుండవలెనని చెప్పినది. వైల్డర్ తొంబది వంతులకును దీనికిని మధ్య ఎంతో దూరమున్నది. అయినను మన కంచములోని 62కును 45కును మధ్యగల దూరము గూడ తక్కువది కాదు. రెండు ముద్దల అన్నము తగ్గించి ఆ చోట గ్రుడ్డో, పెరుగో, కూరో చేర్చనిదే అది తీరదు.

2018 నాటి ఉధృతి తరువాత తగ్గినది. సభలకు పోయినవారిలో కొందరు బరువు తగ్గి నిలుపుకొనిరి, కొందరు ఆరునెలలకు మరల అన్నమునకు వచ్చిరి. ఆ కాలపు గుర్తుగా తెలుగు పట్టణములలో మిగిలినది ఎద్దు లేని గానుగ. కరెంటు మోటారుతో తిరుగు కఱ్ఱగానుగల దుకాణములు వీధివీధిని వెలసి, నువ్వులనూనె, వేరుశనగనూనె, కొబ్బరినూనె కొనువారి ఎదుటనే ఆడించి ఇచ్చినవి. అన్నము మానినవారును, మాననివారును అక్కడ ఒకే వరుసలో సీసాలు పట్టుకొని నిలువబడిరి.